సోకు గురువులు

మగవాడికి సోకేమిటండీ? మా కడప వైపు ఇది ప్రశ్న కాదు, తీర్పు. పంచె తెల్లగా ఉండాలి, వారానికోసారి గడ్డం గీసుకోవాలి. అంతకు మించి అద్దం ముందు నిలబడితే "ఏమబ్బీ, పెండ్లిచూపులా?" అని అరుగు మీది పెద్దలు అడగనే అడుగుతారు.

అలాంటి ఊళ్లో పుట్టిన నాకు మా మనవరాలు 'క్వీర్ ఐ' అనే అమెరికా టీవీ కార్యక్రమం చూపించింది. 2003లో బ్రావో చానల్లో మొదలై, మరుసటేడే ఎమ్మీ బహుమతి కొట్టేసింది. 2018లో నెట్‌ఫ్లిక్స్ వారు కొత్త జట్టుతో మళ్లీ ఎత్తుకున్నారు. కథ చిన్నదే. స్వలింగ ప్రియులు అయిదుగురు ఒక మొరటు మనిషి ఇంటి మీదికి దండెత్తుతారు. బట్టలకొకరు, జుట్టుకొకరు, ఇంటికొకరు, వంటకొకరు, నడవడికి మరొకరు. కొత్త జట్టులో బట్టలాయన టాన్ ఫ్రాన్స్. పాకిస్తానీ తల్లిదండ్రులకు ఇంగ్లండులో పుట్టినవాడు. చొక్కా ముందు కొస మాత్రం ప్యాంటులోకి దోపి, వెనక వదిలేయమంటాడు. దానికి 'ఫ్రెంచ్ టక్' అని పేరట! మా బడికి అలా వెళితే అయ్యవారు బెత్తం తీసేవారు.

"జేజినాయనా, నవ్వడం ఆపి ఆయన మొగం చూడు" అంది పిల్ల. చూశాను. జార్జియాలో ఒక పెద్దాయన. కురూపికి మందు లేదని తనకు తానే సర్టిఫికెట్టు రాసుకున్నవాడు. వాళ్లు పక్కన కూర్చుని, తల నిమిరి, గడ్డం దిద్దుతుంటే ఆయన కళ్లు చెమర్చాయి. లోకం వెక్కిరించినవాళ్ల చేతికే లోకం తన తల అప్పగించింది. మందు గడ్డం దిద్దడంలో ఎంతుందో, పక్కన కూర్చోవడంలోనూ అంతే ఉంది.

ఏ మాటకామాటే చెప్పుకోవాలి. వేషం మార్చడం మనకేమీ కొత్త కాదు. ఆదోని దగ్గర సంతేకుడ్లూరులో హోళీకి మగవాళ్లు చీర కట్టి, నగలు పెట్టి, పూలు ముడిచి రతీమన్మథులకు మొక్కు చెల్లిస్తారు. మీసమున్న మొగానికి బొట్టు పెడితే అది భక్తి. మిగతా రోజుల్లో ఒక పిల్లవాడి నడక కాస్త మెత్తగా ఉంటే మాత్రం వీధి వీధంతా ఎగతాళి.

మా వీధిలో అలాంటి అబ్బాయి ఒకడుండేవాడు. పూలజడ కుట్టడంలో అతనికతనే సాటి. ఎవరింట పెండ్లయినా ముందు అతనికే కబురు. పెండ్లికూతురి జడ చూసి అమ్మలక్కలు మెటికలు విరిచేవారు. భోజనాల పంక్తిలో మాత్రం అతనికి అటూ ఇటూ విస్తళ్లు ఖాళీ. ఒకనాడు ఊరు విడిచి వెళ్లిపోయాడు. తరవాత మా వీధి పెండ్లికూతుళ్లకు బజారు జడలే గతి.

2018 సెప్టెంబరు 6న సుప్రీంకోర్టు ఇలాంటివారి ప్రేమ నేరం కాదని చెప్పింది. కోర్టు అంతవరకే చెప్పగలదు. ఎవరి పక్కన ఎవరు కూర్చుని అన్నం తినాలో తీర్పు రాయలేదు గదా! ఆ పని మనదే. పెద్ద కష్టమేమీ కాదండీ, విస్తరి కాస్త పక్కకు జరుపుకుంటే చాలు.