35 మీటర్ల తీగ

బడికి కంప్యూటరు వచ్చిందంటే పిల్లల చేతికి వచ్చినట్టు కాదు. ఇది నేను పాఠం చెప్పే సర్కారు బళ్ళోనే చూశాను. కంప్యూటరు హెడ్మాస్టరుగారి గదిలో ఉండేది. దొంగల భయం, దుమ్ము భయం, కరెంటు భయం అన్నీ చెప్పేవారు. తాళంచెవి ఆయన జేబులో. పొలాలున్న ఇళ్ళ పిల్లలు నలుగురైదుగురు లోపలికెళ్ళి మౌసు పట్టుకునేవాళ్ళు. మాదిగ పల్లె పిల్లలు కిటికీ ఊచలు పట్టుకుని చూసేవాళ్ళు.

"వీళ్ళు ముట్టుకుంటే పాడైపోద్ది మాస్టారూ" అన్నారాయన ఒకరోజు.

"వీళ్ళంటే ఎవరు సార్?" అన్నాను. ఆయన రిజిస్టరు తిరగేసుకున్నారు.

నేనూ అలాంటి పల్లె నుంచి వచ్చినవాణ్ణే. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి. ముట్టుకోవటం అనే మాట వింటే మా తాత గుర్తొస్తాడు. ఆయన కపిల బానలు కుట్టేవాడు. మోట బావిలోంచి ఎద్దులు లాగే తోలు బాన అది. ఆయన ఊనిన తోలు, ఆయన వేసిన కుట్టు రోజంతా బావిలో మునిగి లేచేవి. ఆయన చెయ్యి మాత్రం ఆ నీళ్ళను తాకగూడదు. దప్పికైతే దోసిలి పట్టాలి, ఎవరో పైనుంచి పోయాలి. అంబేద్కర్ చిన్నప్పుడు చదివిన బళ్ళోనూ అంతే. ప్యూను వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్ళు, ప్యూను లేకపోతే లేవు. 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా'లో ఆయనే రాసుకున్నాడు. మన పని కావాలి, మన చెయ్యి అక్కర్లేదు.

"కంప్యూటరు నా గది దాటటానికి వీల్లేదు" అన్నారు హెడ్మాస్టరుగారు. సరే, కంప్యూటరు దాటదు. కీబోర్డూ మౌసూ దాటొచ్చు గదా అనుకున్నాను. ఆయన గది నుంచి ఏడో తరగతికి వరండా వెంట కొలిస్తే 35 మీటర్లు. మామూలు యూఎస్‌బీ తీగ 5 మీటర్లు దాటితే నమ్మకం లేదు. కంప్యూటరు అడిగినదానికి ఇంత గడువులో జవాబు రావాలని లెక్కుంది. తీగ పొడుగైతే ఆ గడువు తప్పుతుంది, సంకేతమూ నీరసిస్తుంది.

దీనికి కేవీఎం ఎక్స్‌టెండర్ అని రెండు పెట్టెలు దొరుకుతాయి. ఒకటి కంప్యూటరు దగ్గర, ఒకటి పిల్లల దగ్గర. మధ్యలో నెట్‌వర్కు కేబులు. విజయవాడలో నా డబ్బుతోనే కొన్నాను. ఆ కేబులులో ఎనిమిది రాగి తీగలు, నాలుగు జంటలు. ఏ జంటకాజంట పేని ఉంటుంది. పేనటం మా వాళ్ళకు కొత్తగాదు. మా తాత మోకు పేనేది బలం కోసం. ఇక్కడ పేనేది మాట చెదరకుండా ఉండటం కోసం. బయటి గోల రెండు తీగల మీదా దాదాపు ఒకేలా పడుద్ది. అవతలి పెట్టె ఆ రెంటి మధ్య తేడానే తీసుకుంటుంది గనక గోల కొట్టుకుపోద్ది.

కొసలకు పిన్నులు పిల్లలే వేశారు. తెల్లనారింజ, నారింజ, తెల్లాకుపచ్చ, నీలం, తెల్లనీలం, ఆకుపచ్చ, తెల్లగోధుమ, గోధుమ. రెండు కొసలకూ ఇదే వరస. రెండు రోజుల్లో ఎక్కంలాగా కంఠస్థం పట్టారు. కరెంటు వైరుకు ఎడంగా వరండా పైకప్పు కింద మేకులు కొట్టి లాగాం. రెండో పెట్టెకు క్లాసులోనే కరెంటు ఇచ్చాం.

మొదట కూర్చున్నది పల్లె నుంచి వచ్చే పిల్ల. ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ ఇంటిపేరుతో సహా తన పేరు కొట్టింది. ఆ పెట్టెల గుణం ఏమంటే, ఇక్కడ కనిపించేది అక్కడ కంప్యూటరు తెర మీదా కనిపిస్తుంది. హెడ్మాస్టరుగారి బల్ల మీద ఆ పిల్ల పేరు ఒక్కో అక్షరమే పడింది. ఆయన లేచి వరండాలోకి వచ్చి తీగ వంక చూశారు. పీకెయ్యమనలేదు. బాగుందనీ అనలేదు.

దీన్ని గెలుపని నేననను. తాత కుట్టిన బాన బావిలోకి పోయింది, తాత పోలేదు. ఇప్పుడు పిల్లల వేళ్ళ మాట ఆ గదిలోకి పోయింది, పిల్లలు పోలేదు. తీగ గడప దాటింది గానీ తలుపు తెరవలేదు. అందుకే పల్లె తల్లులు బడి కమిటీ మీటింగులో రెండో తాళంచెవి టీచర్లకు ఇమ్మని అడిగారు. "మా పిల్లలూ లోపలే కూచుంటారు" అన్నారు. ఆ పంచాయితీ ఇంకా తెగలేదు. అడగటమూ ఆపలేదు.

5 మీటర్ల హద్దు రాగి తీగది. దానికి కారణముంది, విరుగుడు బజార్లో దొరుకుద్ది. నెట్‌వర్కు కేబులుకు 100 మీటర్ల హద్దు, దానికీ లెక్కుంది. మనిషికీ మనిషికీ మధ్య పెట్టిన దూరానికి ఏ లెక్కుంది? అంటరానితనాన్ని రద్దు చేసిన 17వ అధికరణం 1950 నుంచి అమల్లో ఉంది. చదువుకున్న మనం ఊరికి పోయినప్పుడు బళ్ళో ఎన్ని కంప్యూటర్లున్నాయని అడుగుతాం. తాళంచెవి ఎవరి జేబులో ఉందో అది ముందు అడగాలి.