దాహానికి నీళ్లు, దౌర్జన్యానికి కాదు



తాడేపల్లిగూడెంలో ఉన్న పాత రన్‌వేని మీలో చాలామంది చూసే ఉంటారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో తెల్లదొరల ప్రభుత్వం విమానాల కోసం వేసింది అది. యుద్ధం మన గోదావరి జిల్లాలకు ఎంత దగ్గరగా వచ్చిందో తెలియడానికి అదొక్కటి చాలు.

1942లో ఈస్టరు ఏప్రిల్ 5న వచ్చింది. ఆ మర్నాడే జపాను విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. సింగపూరు, రంగూను అప్పటికే జపాను చేతికి చిక్కాయి. రేపోమాపో ఆ సైన్యం మన తీరాన దిగుతుందని జనం భయపడ్డారు. దిగితే, చేతిలో తుపాకీ లేని రైతు ఏం చెయ్యాలి?

ఆ ప్రశ్నకు గాంధీగారు ఏప్రిల్ 12న తన 'హరిజన్' పత్రికలో జవాబు రాశారు. దేశాన్ని ఆక్రమించడానికి వచ్చినవాళ్లకు ఏ సాయమూ చెయ్యకూడదు, నీళ్లు కూడా ఇవ్వకూడదు అన్నారు. అయితే వాళ్లలో ఎవరైనా దారి తప్పి దాహంతో ప్రాణం మీదికి తెచ్చుకుంటే నీళ్లివ్వాలి, ఎందుకంటే అహింసను నమ్మినవాడికి ఏ మనిషీ శత్రువు కాడు. బలవంతం చేసి నీళ్లు తెమ్మంటే మాత్రం ప్రాణం పోయినా తేకూడదు.

ఇది చదివినప్పుడు నాకు రోమా 12:20 గుర్తొచ్చింది. పగవాని దాహం తీర్చమని పౌలు రాసింది సాక్షాత్తూ రోమాలో ఉన్న విశ్వాసులకే. అలాగని ఆ విశ్వాసులు కైసరు చెప్పిందల్లా చెయ్యలేదు. దానియేలు 3వ అధ్యాయం చూడండి. షద్రకు, మేషాకు, అబేద్నెగో చెరపట్టబడినవారే అయినా బబులోనులో రాజు పని చేశారు. ప్రతిమకు మాత్రం మొక్కలేదు. దేవుడు తమను విడిపించకపోయినా మొక్కమని రాజు ముఖం మీదే చెప్పారు.

జపాను సైన్యం మన ఒడ్డున దిగలేదు కాబట్టి గాంధీగారి మాట ఇక్కడ పరీక్షకు రాలేదు. నార్వే దేశంలో అలాంటి పరీక్షే వచ్చింది. 1940 నుండి హిట్లరు సైన్యం ఆ దేశాన్ని ఆక్రమించుకుని ఉంది. అప్పట్లో అక్కడ పాదిరులకు జీతాలిచ్చేది ప్రభుత్వమే. ఆక్రమణదారుల తొత్తు ప్రభుత్వం సంఘాన్ని కూడా తన చెప్పుచేతల్లో పెట్టుకోవాలని చూసింది. అప్పుడు 1942లో అదే ఈస్టరు నాడు, అక్కడి పాదిరుల్లో అత్యధికులు ప్రభుత్వ ఉద్యోగం వదులుకున్నారు. మందను మాత్రం వదలలేదు. వాక్యం చెప్పారు, బాప్తిస్మాలిచ్చారు, చనిపోయినవారిని సమాధి చేశారు. వాళ్ల పెద్ద, బిషప్ బెర్గ్రావ్‌ను ఏళ్ల తరబడి నిర్బంధంలో ఉంచారు. వాళ్లెవరూ కత్తి పట్టలేదు, తలా వంచలేదు.

ఇదంతా ఎక్కడో జరిగిన సంగతి అనుకోకండి. ఆ మధ్య ఒక లంక గ్రామంలో ప్రార్థన అయ్యాక, ఒక పెద్దాయన నన్ను పక్కకు పిలిచి అడిగారు. "అయ్యగారూ, నా చెరువు గట్టు ఆక్రమించుకున్నవాళ్ల పాలేరు మొన్న మిట్టమధ్యాహ్నం నా గుమ్మంలో నిలబడి మంచినీళ్లు అడిగాడండి. ఇస్తే లొంగిపోయినట్టు కాదా?"

కొల్లేరులో చుట్టూ నీళ్లే అయినా తాగేనీళ్లు డబ్బాల్లో కొనుక్కునే ఇళ్లు మనవి. ఆ ప్రశ్న బరువు నాకు తెలుసు.

"నీళ్లివ్వండి. కోర్టులో కేసు మాత్రం వెనక్కి తీసుకోవద్దు" అన్నాను.

"రెండూ ఎలా కుదురుతాయండీ?"

"అతని దాహం వేరు, మీ గట్టు వేరు."

ఆయన వెంటనే ఒప్పుకోలేదు. ఆలోచిస్తానని వెళ్లిపోయారు. ఆయనను నేను తప్పుపట్టను. మనకు చటుక్కున తోచేవి రెండే దారులు, తన్నడం లేదా తలవంచడం. మూడో దారిలో నడవాలంటే ఆత్మబలం కావాలి. భయపడి ఇచ్చిన నీళ్లు ప్రేమ అనిపించుకోవు. పగతో ఆపిన నీళ్లు ధైర్యమూ అనిపించుకోవు.

ఈ వారం మీ గుమ్మంలోకి కూడా అలాంటివారు ఎవరైనా రావచ్చు. వచ్చింది దాహమో, దౌర్జన్యమో గుర్తుపట్టే వివేచన ప్రభువును అడగండి. దాహానికి గ్లాసు నింపి ఇవ్వండి. దౌర్జన్యానికి కాదని నెమ్మదిగా, గట్టిగా చెప్పండి.

ప్రభువు మీకు తోడైయుండును గాక. ఆమేన్.