బావ కారూ – నా లెక్కా

ఈసారి సావనీరుకు ఏదైనా రాయమని యూనియన్ మిత్రులు అడిగారు. ప్రేమకథ రాద్దామంటే అనుభవం లేదు, కవిత్వం రాద్దామంటే ధైర్యం లేదు. సైన్సు వ్యాసం రాద్దామంటే లెక్చరర్లు చదువుతారని భయం. చివరికి నేను చేసిన ఒక తప్పు గురించి రాయటమే నయమనిపించింది. దానికి అనుభవమూ ఉంది, సాక్షులూ ఉన్నారు.

మాది పశ్చిమ గోదావరిలో భీమవరానికి దిగువన ఓ పల్లెటూరు. నాన్న మూడెకరాల సొంత చేను, నాలుగెకరాల కౌలు చేస్తాడు. మా మేనత్త కొడుకే మా అక్క మొగుడు. బావది పక్కూరే. రొయ్యల చెరువులు. ఒక పంట పోతే అప్పులు, ఒక పంట నిలిస్తే కారు. 2023లో పంట నిలిచింది. సెకండుహ్యాండులో 2015 మోడలు పోలో జీటీ టీఎస్ఐ కొన్నాడు. ఇంజను చూస్తే 1.2 లీటర్లే, శక్తి మాత్రం 105 గుర్రాలు. బండి బరువు టన్ను పైచిలుకు. ఆ కారు తయారీ మన దేశంలో 2022లోనే ఆగిపోయింది. అందుకని బావకి దానిమీద ఇంకా మోజు.

2024 వేసవి సెలవులకి ఇంటికి వెళ్లేసరికి బావ కొత్త ఆలోచనలో ఉన్నాడు. 15 అంగుళాల చక్రాలు తీసేసి 17 అంగుళాల అల్లాయ్ చక్రాలు వేయించాలట. పొట్టి స్ప్రింగులు వేయించి బండిని 35 మిల్లీమీటర్లు కిందికి దించాలట.

"ఏరా సైంటిస్టూ, లెక్కేసి చెప్పు. నువ్వు సరేనంటే బెజవాడ పోదాం" అన్నాడు.

ఇరవయ్యేళ్ల వాడిని, బీయస్సీ వాడిని ఇంటిల్లిపాదీ ముందు సైంటిస్టూ అంటే ఏమవుతాడు? నేనూ అదే అయ్యాను. నోటుబుక్కు తీశాను.

లెక్క ఇదీ. పాత టైరు 185/60 ఆర్15. అంటే వెడల్పు 185 మి.మీ., అందులో 60 శాతం, 111 మి.మీ. పక్కగోడ ఎత్తు. రిమ్ము 381 మి.మీ.కి రెండు పక్కగోడలు కలిపితే మొత్తం చక్రం 603 మి.మీ. కొత్తది 205/45 ఆర్17. అదే తీరున లెక్కేస్తే 616 మి.మీ. తేడా 2 శాతం పైన కొంచెం. మీటరు 100 చూపిస్తే నిజానికి 102 పోతున్నామన్నమాట. పరవాలేదు. పక్కగోడ మాత్రం 111 నుంచి 92కి తగ్గింది. గుంతలో పడినప్పుడు మెత్తగా నొక్కుకునే రబ్బరు అంతమేర తక్కువ. ఆ మాట చిన్న అక్షరాలతో పక్కన రాసుకున్నాను.

ఇక స్ప్రింగులు. మలుపులో కారు బరువు లోపలి చక్రాల మీంచి బయటి చక్రాల మీదికి మారుతుంది. ఎంత మారుతుందన్నది గరిమనాభి ఎత్తు మీద ఆధారపడి ఉంటుంది. ఆ ఎత్తు 550 మి.మీ. అనుకున్నాను. స్ప్రింగులు 35 దించుతాయి, పెద్ద చక్రం ఆరున్నర ఎత్తుతుంది. నికరంగా 28న్నర మి.మీ. తగ్గితే, బరువు మారటం సుమారు 5 శాతం తగ్గుతుంది. కారు మలుపులో నేలకి అతుక్కుపోతుంది. పొట్టి స్ప్రింగుకి నొక్కుకునే జాగా తక్కువ కనక అది గట్టిగా ఉండాలి. గట్టిదైతే ఊపు వేగం పెరుగుతుంది, కూర్చున్నవాడి నడుము దాన్ని కనిపెడుతుంది. రాబర్ట్ హుక్ 1678లో చెప్పిన నియమం ఇప్పుడు బావ నడుముకి వర్తిస్తుందన్నమాట!

నేలకీ బండి అడుగుకీ మధ్య ఖాళీ సుమారు 165 మి.మీ. ఉండేది, 136న్నరకి వస్తుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం ప్రకారం స్పీడ్ బ్రేకరు ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. కాబట్టి దాటుతుందని తేల్చాను. లేగదూడ లారీ కిందపడి చచ్చిందని రాత్రికి రాత్రి ఊరివాళ్లు పోసిన గుట్ట ఏ ప్రమాణం చదివిందో నేను ఆలోచించలేదు.

నాన్న అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. "ఏ నేలకి ఆ చక్రం. దమ్ము చక్రాలతో తారురోడ్డెక్కితే ఏమవుద్ది?" అన్నాడు. రోడ్డూ చెడుతుంది, చక్రమూ చెడుతుంది. అది తెలిసీ నేను నవ్వేశాను. ట్రాక్టరు వేరు, ఇది వేరు నాన్నా అన్నాను.

బెజవాడలో ఓ షాపులో పొద్దుటినుంచి సాయంత్రం దాకా పని జరిగింది. అంతా అయ్యే వేళకి ఫిట్టరు చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "అన్నా, ఈ చక్రాలకి వేరే బోల్టులు, మధ్యలో రింగులు వేసుకుంటే మంచిది. మరో నాలుగు వేలవుద్ది. లేకపోతే పాత బోల్టులతోనే బిగించేస్తా" అన్నాడు. బావ దగ్గర డబ్బు అప్పటికే అయిపోయింది. నా మొహంలోకి చూశాడు.

నేనన్నాను: "బోల్టు బోల్టే కదా బావా. మర సరిపోయింది, పొడవు సరిపోయింది. ఇంకేం కావాలి?"

ఈ వ్యాసం రాయటానికి కారణం ఆ ఒక్క వాక్యమే.

కారు చూడటానికి ఊరంతా వచ్చింది. నిజం చెప్పొద్దూ, అందంగానే ఉంది. హైవే మీద మలుపు తిరిగితే నా 5 శాతం నాకు ఒంటికి తెలిసింది. నోటుబుక్కులో రాసింది రోడ్డుమీద నిజమైతే కలిగే ఆనందం సైన్సు వాళ్లకే తెలుసు. ఊళ్లోకి వచ్చాక మాత్రం ప్రతి గుట్ట దగ్గరా మేం దిగి నడవాలి, బావ ఒక్కడూ ఏటవాలుగా ఎక్కించాలి.

మూడు వారాలు గడిచాయి. అక్క పురిటికి మా ఇంటికి వచ్చి ఉంది. డాక్టరమ్మ చెప్పిన తేదీకి ఇంకా పదిరోజులుండగానే ఒకనాటి రాత్రి ఒంటిగంటకి నొప్పులు మొదలయ్యాయి. బావకి ఫోను చేస్తే పావుగంటలో కారు తెచ్చాడు. వెనక అక్క, అమ్మ, అత్తయ్య. ముందు నేను. అంతమంది ఎక్కేసరికి బండి ఇంకా కుంగింది. మొదటి గుట్ట దగ్గర అడుగు గీసుకుంది. అక్క "అమ్మా" అని అరిచింది. రెండో గుట్ట, మూడో గుట్ట. ఈసారి దిగి నడవమని ఎవరికి చెబుతాం?

కాలవ గట్టు రోడ్డు ఎక్కాక బావ వేగం పెంచాడు. స్టీరింగు వణకటం మొదలైంది. ఎడమ ముందు చక్రం వైపు నుంచి టక్ టక్ మని చప్పుడు. బావ ఆపాడు. ఫోను లైటు వేసి చూస్తే, అయిదు బోల్టుల్లో రెండు నా వేళ్లతోనే తిరుగుతున్నాయి. ఒకవైపు కాలవ, మరోవైపు చెరువు. ఇంకో రెండు మైళ్లు అలాగే పోయి ఉంటే చక్రం ఎటు పోయేదో, మేం ఎటు పోయేవాళ్లమో లెక్కెయ్యటానికి ఇప్పటికీ నాకు మనసు రాదు.

అదృష్టం కొద్దీ రొయ్యలకి ఐసు తీసుకెళ్లే వ్యాను ఒకటి వచ్చింది. డ్రైవరు ఒక్క ప్రశ్న వెయ్యకుండా అక్కనీ అమ్మనీ ముందు ఎక్కించుకున్నాడు. బావ వెనక ఐసు పెట్టెల మీద కూర్చున్నాడు. నేనూ అత్తయ్యా ఆ చీకట్లో కారు దగ్గర ఉండిపోయాం. అత్తయ్య నన్ను ఒక్క మాటా అనలేదు. చెంగు నోట్లో కుక్కుకుని దణ్ణాలు పెట్టుకుంటూ కూర్చుంది. ఆమె తిట్టి ఉంటే బాగుండేది.

తెల్లారి ఆరింటికి ఫోను వచ్చింది. ఆడపిల్ల. తల్లీ పిల్లా క్షేమం.

నాన్న మోటారు సైకిలు మీద వచ్చి, మోకాళ్ల మీద కూర్చుని చక్రం చూశాడు. ఒక బోల్టు ఊడదీసి నా చేతిలో పెట్టాడు. దాని తల కింది భాగం బంతి ముక్కలా గుండ్రంగా ఉంది. చక్రం రంధ్రం చూస్తే గరాటులా ఏటవాలుగా ఉంది. గరాటులో బంతి పెడితే సన్నటి గీత వెంటే తగులుతుంది తప్ప ఒత్తుకుని కూర్చోదు. పైగా హబ్బు 57.1 మి.మీ. అయితే కొత్త చక్రం మధ్య రంధ్రం 73.1. చుట్టూ 8 మి.మీ. ఖాళీ. ఆ ఖాళీలో ఉండవలసిన రింగే ఫిట్టరు చెప్పిన రింగు. అది లేక చక్రం సరిగ్గా మధ్యకి కూర్చోలేదు. అందుకే ఆ వణుకు.

తరవాత ఆలోచిస్తే తెలిసింది. బోల్టు కూడా స్ప్రింగే! 120 న్యూటన్ మీటర్ల బలంతో బిగిస్తే అది రవ్వంత సాగుతుంది. వెనక్కి ముడుచుకోవాలని అది లాగే లాగుడే చక్రాన్ని హబ్బుకి అదిమిపెడుతుంది. కూర్చునే చోటు సరిగ్గా లేకపోతే అక్కడి లోహం అణిగి, సాగుడు సడలి, బిగువు పోతుంది. అదీ హుక్ నియమమే. నాలుగు పెద్ద స్ప్రింగులకి లెక్క కట్టిన నేను ఇరవై చిన్న స్ప్రింగుల్ని వదిలేశాను.

నాన్న ఇదేమీ అనలేదు. "బిగించాక కొంత దూరం పోయి, దిగి మళ్లీ ఓసారి చూశార్రా?" అని మాత్రం అడిగాడు.

చూడలేదు. దమ్ము చక్రాలు వేసిన ప్రతిసారీ నాన్న చేలో ఒక చుట్టు తిప్పి, ట్రాక్టరు ఆపి, బురదలో దిగి, నట్లన్నీ మళ్లీ బిగించటం చిన్నప్పటినుంచీ చూస్తున్నాను. స్పానరు అందించింది కూడా నేనే. అది ఆయన అలవాటనుకున్నాను గాని విజ్ఞానం అనుకోలేదు. పుస్తకంలో లేదు కదా మరి.

మా ఫిజిక్సు లెక్చరరుగారు, లెక్క మొదలెట్టే ముందు దేన్ని నిజమని అనుకుంటున్నావో రాయమంటారు. మార్కుల కోసం అనుకునేవాణ్ణి. రోడ్డు చదునుగా ఉందని అనుకున్నాను. కారులో ఒక్కడే ఉంటాడని అనుకున్నాను. బోల్టు బోల్టే అనుకున్నాను. ఒక్కటీ రాయలేదు. రాసి ఉంటే నాన్న అరుగు మీదనుంచే కొట్టేసేవాడు.

బావ పాత స్ప్రింగులు, పాత చక్రాలు మళ్లీ వేయించాడు. ఇంజనుకి ఏ లోటూ లేదు, ఇప్పటికీ జోరుగానే పోతుంది. బండిని ఇలా మార్చేముందు చట్టం కూడా చూసుకోవాలి. రిజిస్ట్రేషనులో ఉన్న వివరాలు తయారీదారు ఇచ్చిన వివరాలకి తేడాగా వచ్చేట్టు వాహనాన్ని మార్చకూడదని సుప్రీంకోర్టు 2019 జనవరిలో చెప్పింది. అది కూడా నేను ముందు చదవలేదు.

అల్లాయ్ చక్రాలు నాలుగూ అత్తయ్య వాళ్ల పశువుల పాకలో ఉన్నాయి. ఒకదాన్లో కోడి గుడ్లు పెడుతోంది. మేనకోడలు ఈమధ్యే నడక నేర్చింది. మొన్న సంక్రాంతికి వెళ్తే బావ నవ్వుతూ అడిగాడు: "ఏరా సైంటిస్టూ, పిల్లకి మూడు చక్రాల సైకిలు కొందామనుకుంటున్నా. ఏమంటావ్?"

"కొను బావా" అన్నాను. "బిగించాక ఓ చుట్టు తిప్పి, మళ్లీ నేనే బిగిస్తాను."