ఎడమచేతి వాద్యము

1973లో వెలువడిన జిమీ హెండ్రిక్సు జీవితచిత్రమును మేమీ నడుమ చూచితిమి. ఇది కల్పితకథ గాదు. ఆతని కచేరీలను, ఆతని నెఱిగినవారి మాటలను కూర్చిన యథార్థచిత్రము. 1967లో మాంటెరే కచేరీయందాతడు గిటారునకు నిప్పంటించుట మాకెంతమాత్రము రుచింపలేదు. వీణకు కాలు తగిలినచో కన్నుల కద్దుకొను మనకది యెట్లు రుచించును?

అయినను, సోదరీమణులారా, మా చూపు ఆతని చేతులను వీడలేదు. ఆతడు పుట్టు యెడమచేతివాడు. కుడిచేతివారికై చేసిన గిటారును తలక్రిందుగా పట్టి, తంతులను వరుస మార్చి కట్టి, యెడమచేత మీటెను. 1942లో సియాటిల్ నగరమున జనించి, 15 ఏండ్లకే తల్లిని గోల్పోయిన యా బాలునకు మఱుసటియేట తండ్రి విద్యుద్గిటారును కొనిపెట్టెను. 1970లో, 27 ఏండ్లకే, ఆ కొడుకు లండనులో గతించెను. చిత్రమున నా తండ్రి కొడుకునుగూర్చి చెప్పుచుండగా మాకు కన్నులు చెమర్చెను.

మా రెండవవాడును ఎడమచేతివాడే. అశుభమని మా అత్తగారు వాని చేతిపై కొట్టుచుండిరి. బడిపంతులయ్యు మావారు తల్లి కెదురాడరైరి. చిత్రము చూచిన మఱునాడు మేమే యామె యెదుట పలకనుంచి, వానిని యెడమచేత వ్రాయుమంటిమి. ఆమె మూడుదినములు మాతో మాటలాడలేదు. వాడు వ్రాయుచునే యున్నాడు. అన్నము మాత్రము కుడిచేతనే తినుచున్నాడు.