దేవానాంప్రియులు, పాషండులు

"దేవానాంప్రియః" అన్న సమాసానికి పదార్థం చూస్తే దేవతలకు ఇష్టుడైనవాడని. భట్టోజీ దీక్షితులవారి సిద్ధాంతకౌముది తెరిస్తే మాత్రం మూర్ఖుడని ఉంటుంది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందు కాత్యాయనుడు ఈ పదాన్ని పేర్కొన్నప్పుడు మూర్ఖుడనే మాట చేర్చలేదు. క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో అశోకచక్రవర్తి తన శాసనాలలో తనకు తాను పెట్టుకొన్న బిరుదు ఇదే. మన కర్నూలు జిల్లా ఎఱ్ఱగుడి బండల మీద కూడా ప్రాకృతంలో ఆ బిరుదు చెక్కి ఉన్నది. రాజుగారి బిరుదు తిట్టుగా ఎట్లా దిగజారిందో పండితులు పలువిధాల చెప్తారు. ఆ చర్చ ఇక్కడ అక్కరలేదు.

ఆ శాసనాలలోనే "పాషండ" శబ్దం ఉన్నది. మన నిఘంటువులలో పాషండుడంటే వేదబాహ్యుడు, నాస్తికుడు. అశోకుని నాటికి ఆ మాటలో నింద లేదు. ఏ మతశాఖ అయినా పాషండమే, తనది కూడా. 12వ శిలాశాసనంలో ఆయన అన్నదాని సారాంశమిది: అన్ని పాషండాలూ గౌరవింపదగినవే, నోటిని అదుపులో ఉంచుకోవాలి, సందర్భం లేకుండా తనవారిని పొగడి ఎదుటివారిని తెగడరాదు, తనవారి మీది భక్తితో అట్లా చేసేవాడు చివరకు తనవారికే ఎక్కువ చెరుపు చేస్తాడు.

నా పూర్వవిద్యార్థుల వాట్సాప్ బృందం చూస్తున్నప్పుడల్లా ఈ శాసనమే జ్ఞాపకం వస్తున్నది. అక్కడ భక్తుడంటే ప్రహ్లాదుడు కాడు. బుద్ధిజీవి, శ్రమజీవి అని మర్యాదగా వాడుకొన్న "జీవి" శబ్దానికి 2021 ఫిబ్రవరిలో రాజ్యసభలో ప్రధానమంత్రి "ఆందోళన్‌జీవి" అని కొత్త కొమ్మ మొలిపించారు. ప్రతిపక్షం "జుమ్లాజీవి" అని బదులిచ్చింది. 2022లో ఆ రెండవమాట పార్లమెంటువారి అనుచితపదాల పట్టికకెక్కింది. ఒకరు అర్బన్ నక్సలు, ఇంకొకరు సంఘీ. మేధావి అన్న మాటను నిందగా వాడని వారిని ఈమధ్య నేను చూడలేదు. (మితవాది సంగతి మరీ విచిత్రం. 1907 సూరత్ కాంగ్రెసునాడు గోఖలే మితవాది, తిలక్ అతివాది. ఇప్పటి పత్రికలలో ఫ్రాన్సులోనో ఇటలీలోనో తీవ్రమైన కుడిపక్షం గెలిస్తే "మితవాదుల విజయం" అని చదువుతాం. అందులో మితమెక్కడ ఉన్నదో!)

తిట్టుపేర్లు కొత్తవేమీ కావు. ఇంగ్లండులో "టోరీ" అన్నది మొదట ఐర్లండు దోపిడీగాండ్రకు పేరు. 1679-81 నాటి రాజ్యవారసత్వపు తగవులో ప్రత్యర్థులు దానిని అంటగట్టారు. ఈనాటికీ అక్కడి కన్సర్వేటివ్ పార్టీవారిని అందరూ అట్లాగే పిలుస్తారు, వారికీ పట్టింపు లేదు. అటువంటి పేరు ఒక గుంపు మీద పడితే గుంపు మోస్తుంది. ఒంటరి మనిషి మీద పడితే ఆ మనిషి అన్నమాట ఇక ఎవరికీ వినపడదు. నాకు బాధ అక్కడ.

2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సర్కారుబడులన్నిటా ఇంగ్లీషు మాధ్యమం పెడతామని ఉత్తర్వు ఇచ్చింది. 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దానిని కొట్టివేసింది. ఆ రోజులలో మా బృందంలో ఇద్దరు తలపడ్డారు. ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చుని నాదగ్గర గణవిభజన నేర్చుకొన్నవారే. "తెలుగు మాధ్యమమే కావాలంటున్న పెద్దలు తమ పిల్లలను ఎక్కడ చదివించారు?" అని ఒకడు అడిగాడు. "ఇంట్లో వినని భాషలో ఆరేళ్ల పిల్లకు కూడికలు ఎట్లా ఎక్కుతాయి?" అని రెండవవాడు అడిగాడు. రెండూ ఆలోచించవలసిన ప్రశ్నలే. ప్రాథమికవిద్య మాతృభాషలోనే ఉండాలనేది నా మతం. అయినా మొదటివాని ప్రశ్నకు జవాబు చెప్పకుండా నా మతం నిలబడదు. జవాబు ఎవరూ చెప్పలేదు. మొదటివానికి ఒక పార్టీ పేరు తగిలించారు, రెండవవానికి కులం పేరు. "రెండు ప్రశ్నలూ సబబైనవే" అని నేను వ్రాస్తే గంటలోపల నాకు ఆ రెండు పేర్లూ దక్కాయి.

వారిద్దరికీ అప్పటినుంచి మాటలు లేవు. తరువాత ఇద్దరితోనూ విడివిడిగా ఫోనులో మాట్లాడాను. "వాడు మారిపోయాడు మాస్టారూ" అని ఇద్దరూ ఒకే మాట అన్నారు. "ఇంతకూ వాడు అడిగిందేమిట్రా?" అంటే ఇద్దరికీ గుర్తు లేదు. ఎదుటివాడు తనను ఏమని పిలిచాడో మాత్రం అక్షరం పొల్లుపోకుండా ఒప్పజెప్పారు.

మొన్న మొదటివాడు కూతురి పెండ్లి శుభలేఖలు పట్టుకొని ఇంటికి వచ్చాడు. నాకొకటి ఇచ్చి కాఫీ త్రాగి, గడపదాకా వెళ్లి మళ్లీ తిరిగివచ్చాడు. "మాస్టారూ, వాడికి మీ చేతులమీదుగా ఇవ్వండి" అని ఇంకొకటి బల్లమీద పెట్టాడు. కవరు మీద స్నేహితుని పేరు ఇంటిపేరుతో సహా తెలుగులో, గుండ్రని అక్షరాలలో వ్రాసి ఉన్నది. రేపు తొలిబస్సుకు వెళ్లి ఇచ్చి రావాలి.