ఆవిడ దగ్గరి తాళంచెవులు

"టెక్సాస్‌లో ఉంటే మాత్రం మనకెందుకండీ తుపాకీ?" అంది మా ఆవిడ. 1950 నాటి సినిమాలో జేమ్స్ స్టూవర్ట్ ఏ రైఫిలు కోసం ఊళ్ళు తిరిగాడో, ఆ 1873 వించెస్టరు మీద మోజు నాకు. అసలుది దొరికినా, అంత పాతదాన్ని పేల్చడానికి చేతులు రావు. అందుకని ఇటలీలో ఉబెర్టీవారు చేసిన నకలు కొన్నాను. చిత్రమేమిటంటే, ఇందులో 45 కోల్ట్ తూటాలు పడతాయి. ఆ రోజుల్లో అసలుదానికి ఆ భాగ్యం లేదు! కింది మీట ముందుకు తోస్తే ఖాళీ తొడుగు పైకెగిరి పడుతుంది. వెనక్కి లాగితే కొత్త తూటా గొట్టంలోకి చేరుతుంది. ఆ టకటక వినడానికే సగం డబ్బు ఇవ్వచ్చు లెండి.

తుపాకీ ఇనప్పెట్టెలో, తూటాలు వేరే బీరువాలో. తాళంచెవులు రెండూ ఆవిడ దగ్గరే. మొన్న ఆదివారం రేంజికి బయల్దేరుతుంటే మా ఎనిమిదేళ్ళవాడు, "నాన్నా, నేనూ రానా?" అన్నాడు. తాళంచెవులు ఇవ్వబోతున్న ఆవిడ చెయ్యి ఆగిపోయింది. వాడికి నేనింకా జవాబు చెప్పలేదు.