బారెడు, మూరెడు, జానెడు

"పాత బండికి సెన్సార్లు ఎందుకప్పా? బండి రేటెంత, నువ్వు పెట్టే ఖర్చెంత?"

ఈ మాట ఈ మూడు నెలల్లో నాతో పదిమందైనా అనుంటారు. టీ అంగడి దగ్గర ఒకరు, పెళ్ళి పందిట్లో ఒకరు, కడాకు మొన్న మా బావమరిది. మిగతావాళ్ళ మాట ఎలా ఉన్నా బావమరిది మాటకు మాత్రం నిజంగానే కోపమొచ్చింది. బండి పాతదైతే దాని వెనకాల ఆడుకునే పిల్లల ప్రాణం చవకైపోతుందా? పరాయింట్లో పంక్తిలో కూర్చుని వాదన ఎందుకని అన్నం తిని లేచొచ్చాను. ఆ పూట అనాల్సింది అనలేదన్న బాధ ఇంకా పోలేదు, అందుకే ఇది రాస్తున్నాను.

మాది 2005 నాటి శాంత్రో. నంబరు కె.ఏ.07, అంటే కోలారు నంబరు. చిక్కబళ్ళాపురం వేరే జిల్లా అయింది 2007లో. అంతకు ముందు చింతామణి తాలూకా మొత్తం కోలారు జిల్లానే. మా జిల్లా కంటే రెండేళ్ళు పెద్దదన్నమాట ఆ బండి. ఇంజను ఇప్పటికీ ఒక్క చావితో పలుకుతుంది. మా ఆవిడ కాన్పుకు ఆసుపత్రికి పోయింది అందులోనే, మా నాన్న ఆఖరి ప్రయాణం కూడా అందులోనే. దాన్ని అమ్మే ఆలోచన నాకు లేదు.

మా ఊరు మురుగమల్ల చిన్నదే గానీ ఇక్కడ రివర్సయ్యే బండ్లకు లెక్క లేదు. అమ్మాజాన్ బావాజాన్ దర్గాకు బెంగళూరు నుంచి, కోలారు నుంచి, గడి దాటి మదనపల్లె వైపు నుంచి అన్ని మతాల వాళ్ళూ వస్తారు. ఉరుసు రోజుల సంగతి ఇక చెప్పనక్కర్లేదు. వచ్చిన బండి ఎక్కడో ఒకచోట వెనక్కి తిరగాల్సిందే. సందులేమో ఎద్దులబండ్ల నాటివి. ఇంటి ముందర తిన్నె, తిన్నె పక్కన రాతికూసం, కూసానికి కట్టేసిన సీమ ఆవు, ఆ ఆవు చుట్టూ పిల్లోళ్ళు. రివర్సు గేరు వేసేవాడికి ఇంతకంటే కష్టమైన చోటు ఉండదు.

మార్చిలో ఒక సాయంత్రం. ఇళ్ళ ముందర ఆడవాళ్ళు చింతపండు కొడుతున్నారు. నేను డైరీకి పాలు పోసి రావడానికి క్యాను వెనక సీట్లో పెట్టి బండి ఎక్కాను. రెండు అద్దాలూ చూశాను, మెడ తిప్పి వెనకద్దంలోంచీ చూశాను. ఎవరూ లేరు. రివర్సు వేసి క్లచ్చి కొంచెం వదిలానో లేదో ఎదురింటి అక్క "నిలుపప్పా! నిలుపూ!" అని కేక పెట్టింది. బ్రేకు మీద నిలబడ్డాను. దిగి చూస్తే వాళ్ళ మనవరాలు, రెండేళ్ళ పిల్ల, బంపరు వెనక గొంతుకూర్చుని చింతపిక్కలు ఏరుకుంటోంది. తలకూ బంపరుకూ మధ్య జానెడు జాగా. నన్ను చూసి పిడికిలి విప్పి పిక్కలు చూపించింది. ఆ రోజు డైరీకి పోలేకపోయాను. కాళ్ళు ఆడలేదు.

మరుసటి పొద్దున రెండడుగుల స్టూలొకటి బండి వెనక పెట్టి, నేను డ్రైవరు సీట్లో కూర్చుని, దాన్ని కొంచెం కొంచెం వెనక్కి జరపమని మా అబ్బాయికి చెప్పాను. రెండు బారలు దాటి పోయేదాకా ఆ స్టూలు నాకు కనపడలేదు. ఇరవై ఏళ్ళుగా ఈ సందులో నేను రివర్సు చేస్తున్నది ఆ రెండు బారలు చూడకుండానే.

కొత్త కార్లు కొనేవాళ్ళకు ఈ బాధ లేదు. 2019 జూలై 1 నుంచి మన దేశంలో తయారయ్యే కార్లన్నిటికీ రివర్సు సెన్సార్లు తప్పనిసరి చేశారు. సీటుబెల్టు పెట్టుకోమని గుర్తుచేసే గంట, 80 కిలోమీటర్ల వేగం దాటితే కూసే హెచ్చరిక కూడా ఆ నిబంధనతోనే వచ్చాయి. మంచి పని. కానీ అంతకు ముందే అమ్ముడుపోయిన బండ్ల ఊసు అందులో లేదు. మా వీధిలో ఏడు కార్లుంటే ఐదు పాతవే. అవి ఇంకో పదేళ్ళు తిరుగుతాయి. వాటి సంగతి మనమే చూసుకోవాలి.

ఆ బొత్తాం లాంటి సెన్సారు ఎలా పనిచేస్తుందో తెలుసుకున్నాక నాకు దానిమీద గౌరవం పుట్టింది. అది సెకనుకు 40,000 కంపనాల శబ్దం వదులుతుంది. మన చెవి 20,000 దగ్గరే ఆగిపోతుంది కాబట్టి మనకు వినపడదు. ఆ శబ్దం పోయి దేనికో తగిలి తిరిగొస్తుంది. పోయి రావడానికి ఎంతసేపు పట్టిందో లెక్కగట్టి, అడ్డమున్నది ఎంత దూరంలో ఉందో దానికి తగిలించిన పెట్టె తేలుస్తుంది. మీటరు దూరంలో ఉన్న గోడను తాకి రావడానికి సెకనులో వెయ్యోవంతులు ఆరు చాలు. 1970ల చివర ఇంగ్లండులో, నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో టోనీ హేయ్స్ అనే ఆయన చూపులేనివాళ్ళ నడక కోసం చేసిన పరికరంలోంచే కార్లకు ఈ ఆలోచన వచ్చిందని చదివాను. చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను. బండిని వెనక్కి నడిపేవాడు ఆ కాసేపూ చూపులేనివాడే కదా.

ఇక బిగింపు సంగతి. మొదటిసారి బెంగళూరులో ఒక అంగట్లో బిగించారు. పేరు ఎందుకు గానీ, అరగంటలో అయిపోతుందన్నారు, అన్నట్టే అరగంటలో ముగించారు. అదే తప్పు. బంపరు విప్పలేదు. చెయ్యి ఆనిన చోటల్లా బొక్కలు కొట్టారు, నేలకు జానెడున్నర ఎత్తులో. ఒక్కో సెన్సారు వెనక చిన్న బాణం గుర్తు ఉంటుంది, అది పైకి చూడాలి. నాలుగింట్లో రెండు పక్కకు చూస్తున్నాయి. రివర్సు లైటు తీగను ఒలిచి, దానికి సెన్సారు తీగ మెలిపెట్టి, నల్లటేపు చుట్టి వదిలేశారు. ఇంటికొచ్చి మా సందు ఏటవాలులో రివర్సు వేస్తే ఒకటే కూత. వెనకాల పురుగు కూడా లేదు. సెన్సార్లు నేలను చూసి కూస్తున్నాయి.

రోజూ చచ్చేవాడికి ఏడ్చేవాడెవడు? పదిరోజులకు ఆ కూత నా చెవికి ఎక్కడం మానేసింది. ఎప్పుడూ కూసే సెన్సారు అసలు లేని సెన్సారు కంటే చెడ్డది. లేనప్పుడు మనిషి భయపడి వెనక్కి చూస్తాడు, ఉన్నప్పుడు చూడడం మానేస్తాడు. ఈ మాట ఎంతమందికైనా ఎన్నిసార్లైనా చెబుతాను. ఒక కారు బిగింపుకు అరగంట చాలని లెక్క వేసుకున్న అంగడి, డబ్బు కోసం పనిని సగంలో వదిలేసినట్టే. మా నాన్న కమ్మరి దగ్గర కొడవలి చేయించుకోవడానికి పోతే, పిడి చేతికి కుదిరేదాకా కొలిమి దగ్గర నుంచి కదిలేవాడు కాదు. వస్తువు కొన్నంత మాత్రాన పని కాదు, కుదరాలి.

రెండోసారి చింతామణిలో ఒక ఆటో ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోయాను. పాతికేళ్ళుండవు అబ్బాయికి. పాత బొక్కలు చూసి ఏమీ అనలేదు, తల మాత్రం ఊపాడు. బంపరు పూర్తిగా విప్పి గోనెసంచి మీద పడుకోబెట్టాడు. పాత బొక్కలకు మూతలు వేశాడు. పైభాగంలో అడ్డంగా కాగితం టేపు అంటించి, రెండు చివర్ల నుంచీ కొలిచి, పెన్సిలుతో నాలుగు చుక్కలు పెట్టాడు. మళ్ళీ బంపరు ఎత్తి బండికి ఆనించి నేల నుంచి కొలిచాడు. "మూరా బెత్తెడు అన్నా, ఇదే కరెట్టు" అన్నాడు. ముందు సన్న బరమాతో బొక్క, తరవాత కిట్టులో వచ్చిన గుండ్రటి కటింగు బిళ్ళ. ప్లాస్టిక్కు కొబ్బరికోరులా చుట్టలు చుట్టలుగా కిందపడింది. అంచులు ఆకురాయితో రుద్ది, వేలితో తడిమి చూసి, సెన్సారు మొహాన్ని తాకకుండా అంచుల మీద రెండు బొటనవేళ్ళు పెట్టి నొక్కాడు. టక్కుమని కూర్చుంది. తీగలు డిక్కీలోకి పోయే బొక్కకు రబ్బరు వాషరు వేశాడు, రేకు అంచుకు కోసుకోకుండా. రివర్సు లైటు తీగను టంకం పెట్టి అతికాడు. రెండున్నర గంటలు పట్టింది. నేను స్టూలు మీద కూర్చుని మొత్తం చూశాను, ఒక్క నిమిషం కూడా విసుగనిపించలేదు.

ఇంటికొచ్చి నేనూ మా అబ్బాయీ పరీక్ష పెట్టాం. రాతికూసానికి బ్రహ్మాండంగా కూసింది. బకెట్టుకు కూసింది. ఆవుకు కూసింది. నిలబెట్టిన చీపురుపుల్లకు కూయలేదు. దండెం తాడుకు కూయలేదు. మడిచిన కంబళిని కర్రకు వేలాడదీస్తే దగ్గరికి వచ్చేదాకా కూయలేదు, మెత్తటి ఉన్ని శబ్దాన్ని మింగేస్తుంది. బంపరు కింద పడున్న గుండ్రాయిని అసలు పట్టించుకోలేదు. సెన్సార్ల మీద బురద మెత్తి చూస్తే ఆగకుండా కూసింది. బిగించుకున్న ప్రతివాళ్ళూ ఈ పరీక్ష ఇంట్లో ఒకసారి చేయాలి. తన బండి దేన్ని పట్టదో తెలిస్తేనే ఆ కూతకు విలువ.

ఒక లోటు మాత్రం నాకు తీరలేదు. ఈ కూత బండిలోపల ఉన్నవాడికే. వీధిలో ఉన్నవాళ్ళకు ఏమీ తెలియదు. ఒకప్పుడు అంబాసిడర్లకు, సుమోలకు రివర్సు వేస్తే పాట వచ్చేది గుర్తుందా? మా ఊళ్ళో చాలా బండ్లు బీథోవెన్ 1810లో రాసిన 'ఫ్యూర్ ఎలీజె' మొదటి స్వరాలు పాడేవి. అది బీథోవెన్‌దని నాకు చాలా ఏళ్ళకు తెలిసింది. మా అవ్వకు అది "బండి ఎనక్కొచ్చే పాట". వినపడగానే పిల్లల్ని రెక్కపట్టి తిన్నె మీదికి లాగేది. గోలని చెప్పి జనం దాన్ని పీకేశారు. పీకకుండా ఉండాల్సింది.

ఆ పాటకు కూడా ముందు క్లీనరుండేవాడు.

మా మేనమామకు లారీ ఉండేది. టమాటా సీజన్లో చింతామణి మార్కెట్టుకు తోలేవాడు. సెలవుల్లో నన్ను ముందర కూర్చోబెట్టుకునేవాడు. క్లీనరు నాకంటే నాలుగేళ్ళు పెద్ద, పదహారుంటాయేమో. రాత్రిపూట మండీ అరుగుకు లారీని వెనక్కి ఆనించాలంటే వాడే దిక్కు. బాడీ మీద రెండు దెబ్బలు కొడితే రావచ్చని, ఒక దెబ్బ కొడితే ఆగాలని. నోటితో కూడా చెప్పేవాడు. "రానీ రానీ... బారెడుండాది... రానీ... మూరెడు... మెల్లగా మామా... జానెడు... బెత్తెడు... సాలూ!" అరుగుకూ లారీకీ మధ్య టమాటా బాక్సు జారి పడేంత సందు కూడా మిగిలేది కాదు.

ఇప్పుడు మా సెన్సారు చేసేదీ అదే. బారెడు దూరంలో మెల్లగా మొదలుపెడుతుంది. మూరెడుకు తొందరపడుతుంది. జానెడుకు కొంచెం ముందు నుంచే విడవకుండా కూస్తుంది. బెత్తెడు లెక్క మాత్రం దానికి తెలియదు.

ఆ క్లీనరు మా మామకు ఒక మాట చెప్పిపెట్టాడు. "అద్దంలో నా మొగం కనపడకపోతే బండి కదిలించొద్దు మామా. నువ్వు నాకు కనపడితే సాలదు, నేను నీకు కనపడాల." ఒక వానరాత్రి మార్కెట్టులో రెండు దెబ్బలు వినపడ్డాయి. అద్దంలో మొహం లేదు. మామ గేరు తీసి, ఇంజను ఆపి, నన్ను లోపలే కూర్చోమని దిగిపోయాడు. ఆ దెబ్బలు పక్క లారీవి. వాడు మా చక్రం వెనకాల వంగి, జారిపడ్డ బాక్సులోంచి దొర్లిన టమాటాలు ఏరుతున్నాడు. మామ వాణ్ణి తిట్టలేదు. ఇద్దరూ వానలో తడుస్తూనే ఆ టమాటాలు ఏరి బాక్సులోకి వేశారు. తరవాత టీ తాగడానికి పోయాం. గ్లాసు పట్టుకున్న మామ చెయ్యి వణకడం నేను చూశాను. మార్చిలో ఆ సాయంత్రం నా చెయ్యీ అలాగే వణికింది.

మీ బండి 2019కి ముందుదైతే, మీ వీధిలో పిల్లలుంటే, ఈ నెలలోనే సెన్సార్లు బిగించుకోండి. కిట్టు, కూలి కలిపి రెండోసారి నాకైంది 1,900 రూపాయలు. బంపరు విప్పి బిగించమని చెప్పండి. బాణం గుర్తు పైకి ఉందో లేదో మీరే చూసుకోండి. నేల నుంచి మూరా బెత్తెడు. బిగించుకున్నాక కూడా, చావి తిప్పే ముందు ఒకసారి బండి వెనక్కి పోయి చూసి రండి.